తిత్తికీ మిషన్‌కీ మధ్య టాంగో

మామ ముఖేడ్‌లో భజన మండలికి హార్మోనియం వాయిస్తాడు. వార్కరీ భక్తుల అభంగాలకూ, మన తెలుగు తత్వాలకూ అదే పెట్టె. అల్లుడు పుణేలో రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ పని చేస్తాడు. దసరాకు ఊరొచ్చినప్పుడు ఇద్దరి మధ్యా నడిచిన వాదం ఇది. వాదించుకున్న వస్తువు ముఖేడ్‌కు చాలా దూరం. పారిస్‌లో పుట్టిన గోటాన్ ప్రాజెక్ట్ అనే బృందం 2001లో తెచ్చిన ఆల్బం అది, పేరు ‘లా రెవాంచా దెల్ టాంగో’, అంటే టాంగో తీర్చుకున్న పగ. అర్జెంటీనా టాంగోకు కంప్యూటర్ లయ కట్టి ప్రపంచమంతా వినిపించిన రికార్డు.

మా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. తర్వాత బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు వెళ్లింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో దక్కనీ. ఊరు మారిన పాట ఎవరిదవుతుందనే ప్రశ్న ఇక్కడ పుస్తకాల్లోది కాదు. అందుకే వీళ్ల మాటలు రాసిపెడుతున్నాను. ఎవరి మాట ఎక్కడ గట్టిదని నాకు తోచిందో అక్కడక్కడ చెప్తాను.

మామ: పది పాటలూ మొదటి నుంచి ఆఖరు దాంక విన్న అల్లుడా. శబ్దం మస్తు సాఫ్‌గ ఉన్నది, దాంట్ల వంక పెట్టేటందుకు లేదు. కానీ టాంగో విన్నట్టు లేదు. పెద్ద హోటళ్లల్ల మనుషులు తినుకుంట మాట్లాడుకుంట ఉంటే ఎనుక నుంచి సన్నగ వచ్చే పాట ఉంటది సూడు, అట్ల అనిపించింది.

అల్లుడు: హోటళ్లల్ల పెట్టిన్రు, నిజమే. సినిమాలల్ల గూడ పెట్టిన్రు. 2004ల వచ్చిన ‘షల్ వి డాన్స్’ల రిచర్డ్ గియర్, జెన్నిఫర్ లోపెజ్ కలిసి ఆడేది ఈ ఆల్బంల ఉన్న ‘సాంతా మరియా’కే. కానీ పాటను ఎవరు యాడ పెట్టుకున్నరన్నది పాట తప్పు కాదు గద మామా. నీకు దాంట్ల ఏం తక్కువైందో అది చెప్పు.

మామ: ఊపిరి తక్కువైంది. పాత టాంగో ఆర్కెస్ట్రాల డ్రమ్ము ఉండదు. పియానో, నిలబెట్టి వాయించే పెద్ద బేసు, వయొలిన్లు, తిత్తి ఉండే బందోనియోన్లు, గంతే. లయ మొత్తం వాళ్ల చేతులల్లనే ఉంటది. చేతులల్ల ఉన్న లయ సాగుతది, ఆగుతది, ఎనుకకు గుంజుతది. ఓస్వాల్దో పుగ్లియేసే 1946ల రికార్డు చేసిన ‘లా యుంబా’ విను. దెబ్బ పడే ముందల కింది స్వరం నుంచి ఈడ్సుకుంట వస్తరు. ఆ ఈడ్పు అయినంకనే దెబ్బ. నడుమ వేగం తగ్గుతది, మల్ల పెరుగుతది. ఎవ్వరూ లెక్క పెట్టరు, అందరికీ తెలుస్తది. నీ ఆల్బంల మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ ఎంత దూరమో ఆఖరు దెబ్బకూ అంతే దూరం. మిషన్ వినదు అల్లుడా. పక్కన వాయించేటోడు ఏం జేస్తున్నడో దానికి పట్టదు.

అల్లుడు: పుగ్లియేసే ఒక్కడే టాంగో కాదు. హువాన్ దారియెన్సో సంగతి మర్చిపోయినవా? లయకు రాజు అని పిలిచేది ఆయనను. 1935ల ఆయన దగ్గరికి రొదోల్ఫో బియాజీ పియానోకు వచ్చిండు. గట్టి దెబ్బ, సూటి దెబ్బ, వేగం. దాంతోని పడుసు పిల్లలు మల్ల ఆటకు వచ్చిన్రు. టాంగో బంగారు కాలం అని చెప్పుకునేటోళ్లు ఆ 1935 నుంచే లెక్క మొదలుపెడ్తరు. అంటే టాంగోను ఒకసారి లేపింది సూటి లయనే.

మామ: దారియెన్సో సూటిగ కొట్టిండు, ఒప్పుకుంట. కానీ ముందల ఆడేటోళ్లు ఉంటే వాళ్ల కాళ్లు చూసుకుంట కొట్టిండు. మన భజననే చూడు. అభంగం నెమ్మదిగ అందుకుంటం. పఖవాజ్ కలుస్తది, తాళాలు కలుస్తయి, ఆఖరుకు గజర్‌కు వచ్చేసరికి మూడింతల వేగం మీద ఉంటం. వేగం ఎవరు పెంచిన్రు అని అడుగు. ఏ ఒక్కరి పేరు చెప్పలేవు. అందరు కలిసి వింటుంటే, ఆ వినుడుల నుంచి వేగం పుట్టింది. దారియెన్సోది గూడ అట్లనే పుట్టింది. సూటిదా వంకరదా అన్నది గాదు నా తకరారు. లయ వింటున్నదా లేదా అన్నది.

అల్లుడు: సరే. వినుడు గురించి అన్నవు గదా, ఆ ఆల్బంల వాయించినోళ్లు ఎవరో చూద్దాం. బృందం కట్టింది ముగ్గురు. ఫిలిప్ కోహెన్ సొలాల్ ఫ్రెంచోడు, క్రిస్టోఫ్ ముల్లర్ స్విస్సోడు. ఈ ఇద్దరిది కంప్యూటర్ పక్క. మూడోడు ఎదువార్దో మకరోఫ్, బ్యూనస్ ఎయిర్స్ మనిషి, గిటారు వాయిస్తడు. వీళ్లకు తోడు బందోనియోన్ మీద నినీ ఫ్లోరెస్, వయొలిన్ మీద లీనె క్రూసె, పాడింది క్రిస్టీనా విలాయోంగా. పియానో మీద ఎవరో తెలుసా? గుస్తావో బెయ్తెల్మన్. ఆయన 1977ల పారిస్ ఒలింపియా హాల్ల బందోనియోన్ ఉస్తాద్ ఆస్తోర్ పియాసోలా పక్కన వాయించిండు. అది ఏ బృందంల అనుకున్నవు? పియాసోలా ఎలక్ట్రానిక్ ఆక్టెట్‌ల. సింథసైజర్, కరెంటు గిటారు, డ్రమ్ములు ఉన్న బృందం. నువ్వు దేవుని లెక్క చూసే పియాసోలానే ఇరువై ఏండ్ల ముందల ఈ తొవ్వ తొక్కిండు.

మామ: తొక్కిండు, కొంత దూరం పోయి ఎనుకకు మల్లిండు. 1978ల మల్ల మామూలు ఐదుగురి బృందం కట్టుకున్నడు. బందోనియోన్, వయొలిన్, పియానో, బేసు, గిటారు. ఆయన గొప్ప రికార్డింగులు సగం ఆ బృందంతోని చేసినయే.

అల్లుడు: ఆ ఐదుగుర్ల గిటారు కరెంటుదే మామా! 1955ల ఆక్టెతో బ్యూనస్ ఎయిర్స్ పెట్టి కరెంటు గిటారు తెస్తె ఇది టాంగోనే కాదని తిట్టిన్రు. ఆ తిట్టు తిన్నదే ఇప్పుడు నీకు పరంపర అయింది. ఇంకొకటి అడుగుత. ఆ బందోనియోన్ యాడ పుట్టింది?

మామ: జర్మనీల.

అల్లుడు: జర్మనీల. క్రెఫెల్డ్ ఊర్ల హైన్రిష్ బాండ్ అనే వ్యాపారి పేరు మీద వచ్చింది. అక్కడి నుంచి ఓడలల్ల వలస పోయినోళ్లతోని రియో దె లా ప్లాతా రేవులకు చేరింది. అక్కడ అప్పటికే నల్లోళ్ల కందోంబె దరువు ఉన్నది, ఇటలీ నుంచి వచ్చినోళ్ల పాట ఉన్నది, క్యూబా నుంచి వచ్చిన హబనెర లయ ఉన్నది. ఇవన్నీ కలిస్తెనే టాంగో. ఆ టాంగోను ఇంటోళ్లే సిగ్గుపడి దూరం పెడ్తె 1913ల పారిస్ ఎత్తుకున్నది. పారిస్ మెచ్చినంక బ్యూనస్ ఎయిర్స్ ధనవంతుల ఇండ్లల్లకు పోయింది. ఇప్పుడు చెప్పు, 2001ల పారిస్‌ల టాంగో చేస్తె అది బయటోళ్ల పని ఎట్లయితది? టాంగో ఇంటి అడ్రసుల పారిస్ ఎప్పటి నుంచో ఉన్నది.

ఈ మాటకు మామ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. పుట్టింది ఒక రేవులో, వాద్యం ఇంకో దేశానిది, పరువు మూడో నగరం ఇచ్చింది. ఇలాంటి పాటకు అసలు ఊరు వెతికి పట్టుకుని దాని పేరుతో కొత్తదాన్ని బయటికి నెట్టడం కుదరదు. మామ కూడా ఆ దారి వదిలేసి తన పెట్టె దగ్గరికి వచ్చాడు.

మామ: బందోనియోన్ జర్మనీదైతేంది, నా హార్మోనియం ఫ్రాన్సుది. రెండిటి లోపట ఒక్కటే విద్య. రీడు మీదికెంచి గాలి పోతే రీడు వణుకుతది. నాకు బందోనియోన్ మొదటిసారి విన్నప్పుడే ఇది మన ఇంటి గొంతు అనిపించింది గందుకే. కాకపోతే దాని కథ నా దానికంటె కష్టం. డెబ్బై ఒక్క బటన్లు. ఒక బటన్ ఒత్తి తిత్తి తెరిస్తె ఒక స్వరం, అదే బటన్ మీద తిత్తి మూస్తె ఇంకో స్వరం. అంటే వాయించేటోడు ఊపిరి తీసుడు ఒక పాట, వదులుడు ఇంకో పాట నేర్చుకోవాలె. గాలి ఎంత మిగిలిందో దాన్ని బట్టి వాక్యం ఎంత పొడుగు పోవాల్నో నిర్ణయిస్తడు. లయ ఆ తిత్తిల నుంచి వస్తది. మిషన్‌కు తిత్తి లేదు. దానికి గాలి అయిపోదు.

అల్లుడు: హార్మోనియం మాట నువ్వే తీసినవు. 1940ల ఆల్ ఇండియా రేడియో హార్మోనియంను బయటికి పంపిచ్చింది. 1971 దాంక రేడియోల దానికి జాగ లేదు. ఏం కారణం చెప్పిన్రు? దీనికి స్వరం జారే మీండ్ రాదు, గమకం రాదు, స్వరాలు బిగించి పెట్టినట్టు ఉంటయి, మనిషి గొంతును పాడు చేస్తదని. ఇప్పుడు నువ్వు మిషన్ మీద ఏ మాట అంటున్నవో నీ పెట్టె మీద ఆ మాటే అన్నరు. అప్పుడు నీలాంటోళ్లు రేడియో మాట విని ఉంటే ఈ ఊర్ల భజన ఏమయ్యేది?

మామ: ఏమయ్యేదో చెప్త. ఏకతారి మీద నడిచేది. గొంతులు ఇంకా బాగుండేవేమో.

అల్లుడు: అంటే రేడియోవాళ్లు చేసింది మంచిదంటవా?

మామ: ముప్పై ఏండ్లు బంద్ చేసుడు తప్పు. కానీ వాళ్లు చెప్పిన నష్టం అబద్ధం కాదు. నా హార్మోనియం వచ్చినంక పాటల కొన్ని సన్నని జారుళ్లు పోయినయి. మా నాయన ఏకతారి మీద పాడిన తత్వంల ఉన్న గాంధారం నా రీళ్ల మీద లేదు. రెండు రీళ్ల నడుమ పడుతది అది. ఆ సంగతి తెలిసే వాయిస్తున్న. పాడేటోడు ఆ స్వరం మీదికి వస్తె పెట్టె మీదికెంచి చెయ్యి తీసేస్త, గొంతును ఒక్కదాన్నే పోనిస్త. పోయినదాన్ని లెక్కల పెట్టుకుంటెనే చెయ్యి యాడ తీయాల్నో తెలుస్తది. నీ గోటాన్ వాళ్లు మిషన్ పెట్టుకున్నరు, పెట్టుకోని. కానీ ఆ పది పాటలల్ల మిషన్ మీదికెంచి చెయ్యి తీసిన జాగ ఎన్ని ఉన్నయి? అది నా ప్రశ్న.

(వాదం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువగా తోచిన మాట ఇది. కొత్త వాద్యం రావాలా వద్దా అని తగువు పడితే అటూ ఇటూ తేలదు. వచ్చినదాన్ని ఎక్కడ ఆపాలో తెలిసినవాడి చేతిలోనే అది వాద్యమవుతుంది.)

అల్లుడు: ఉన్నయి మామా, నువ్వు వేరే తీరు వెతుకుతున్నవు. స్టూడియోల మేం ఆపుడంటే పూర్తిగ ఆపుడు కాదు. దరువుల పై చప్పుడు కోసేసి కింది బేసు ఒక్కటే ఉంచుతం. లేకపోతె బేసు తీసేసి ప్రతిధ్వని ఒక్కటి వదులుతం. జమైకావాళ్ల డబ్ నుంచి వచ్చిన పని ఇది. కింగ్ టబ్బీ లాంటోళ్లు 1970లల్ల రికార్డు అయిన పాటను తీసుకుని, ఒక్కొక్క వాద్యాన్ని బోర్డు మీద కిందికి దించి, ఖాళీ చేసి వినిపించిన్రు. గోటాన్ వాళ్ల చేతుల ఉన్నది ఆ విద్యనే. పాత ఆర్కెస్ట్రాల నాలుగు బందోనియోన్లు, నాలుగు వయొలిన్లు కలిసి వాయిస్తుంటే ఒక్క బందోనియోన్ గొంతు విడిగ ఎంత వింటవు? ఇక్కడ చుట్టుముట్టు ఖాళీ చేసి ఒక్కదాన్నే ముందల కూసోపెట్టిన్రు. నాకు బందోనియోన్ ఏందో తెలిసింది ఈ ఆల్బంతోనే. దీని నుంచే నేను ఎనుకకు పోయి పియాసోలాను, పాత బందోనియోన్ మనిషి త్రొయిలోను విన్న. నా వయసోళ్లు దునియా మొత్తం మీద ఇట్లనే పోయిన్రు.

మామ: తలుపు తీసింది, ఆ మాట కాదన. తలుపును ఇల్లు అనకు.

అల్లుడు: తలుపు అని చిన్నగ చేయకు. ‘త్రిప్తికో’ విన్నవా? పొడుగు పాట. వయొలిన్ ఒక్క ముక్క పట్టుకుని తిరుగుతది తిరుగుతది, కింద దరువు మెల్లగ రంగు మారుతది, పియానో వచ్చి పోతది. మూడు నిమిషాల రికార్డుల టాంగో ఎన్నడూ ఇంత సేపు ఒక్క జాగల నిలబడలేదు. నిలబడి చూసుడు గూడ ఒక పనే గదా. మన ఆలాపన ఏం జేస్తది?

మామ: ‘త్రిప్తికో’ బాగుంది. నేను దాని మీద ఏం అనలే. ఆ వయొలిన్ పిల్ల దరువు మీద కూసోలేదు, దరువు పక్కకెంచి నడిచింది. నేను అనేది మొదటి పాట మీద. ‘కెరేమోస్ పాస్’. దాంట్ల చే గెవారా గొంతు కత్తిరించి పెట్టిన్రు. ఎందుకు? ఆ గొంతు ఏం పని చేస్తున్నది అక్కడ? రెండు మాటలు వినిపిస్తయి, దరువు నడుస్తది, మల్ల వినిపిస్తయి. బొమ్మ వేసిన అంగీకి, ఈ పాటకు నాకు తేడా తెలుస్తలేదు.

అల్లుడు: తేడా తర్వాతి పాటల ఉన్నది. ‘ఏపొకా’. 1976 నుంచి 1983 దాంక అర్జెంటీనాల సైన్యం రాజ్యం చేసింది. ముప్పై వేల మందిని మాయం చేసిన్రని అక్కడి హక్కుల సంఘాలు చెప్తయి. శవం లేదు, కేసు లేదు, చెప్పేటోడు లేడు. 1977 నుంచి తల్లులు తెల్ల రుమాలు కట్టుకుని ప్లాసా దె మాయో చౌరస్తాల గురువారం గురువారం తిరిగిన్రు. ‘ఏపొకా’ ఆ మాయమైనోళ్ల గురించిన పాట. ఆడేటందుకు వీలున్న పాటల ఆ సంగతి పెట్టిన్రు. ప్రపంచంల ఎక్కడో క్లబ్బుల పిల్లలు దానికి అడుగేసిన్రు. అర్థం తెలిసి వేసిన్రా తెలియక వేసిన్రా నేను చెప్పలేను, కానీ పాట మాత్రం ఆ మాట దాచలే.

మామ: ‘ఏపొకా’కు నేను తల వంచుత. కానీ రాజకీయం పాటల యాడ ఉంటదో నాకు పుగ్లియేసే నేర్పిండు. ఆయన కమ్యూనిస్టు. పార్టీల చేరింది 1936ల. తన ఆర్కెస్ట్రాను సహకార సంఘం లెక్క నడిపిండు. ఎవరి పనికి ఎంత వాటా అని పాయింట్లు కట్టి, వచ్చిన పైసలు ఆ లెక్కన పంచుకునేది. తాను గూడ ఆ లెక్కలోనే తీసుకునేది. ఆయనను జైల్ల పెట్టినప్పుడు బృందం ఆగలే. ఖాళీ పియానో మీద ఎర్ర పువ్వు ఒకటి పెట్టి మిగిలినోళ్లు వాయించిన్రు. ‘లా యుంబా’ల ఒక్క నినాదం గూడ లేదు, అసలు మాటే లేదు. కానీ అందరు కలిసి ఒక్క దెబ్బ మీదికి ఈడ్సుకుంట వచ్చుడు ఉన్నది సూడు, అది వాళ్లు బతికిన తీరు నుంచి వచ్చింది. గెవారా గొంతు కత్తిరించి పెట్టేటందుకు ఏం బతకాలె? కత్తెర ఉంటె చాలు.

అల్లుడు: ఇది అన్యాయం మామా. మకరోఫ్, బెయ్తెల్మన్ లాంటోళ్లు దేశం ఇడిసి ఉన్నోళ్లు. ఆ ఇడుసుడు వాళ్ల బతుకే.

ఇక్కడ నేను మామ పక్షమే, ఒక్క గెవారా పాట వరకు. ప్రసిద్ధమైన గొంతును పాటలోకి తెచ్చుకుంటే దాని బరువు వినేవాడి జ్ఞాపకంలో నుంచి వస్తుంది, పాట సొంతంగా సంపాదించదు. ‘ఏపొకా’ ఆ బరువు సంపాదించుకుంది. రెండు పాటలూ ఒకే ఆల్బంలో, ఒకదాని వెనుక ఒకటి ఉండడం వల్ల ఆ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇద్దరూ కాసేపు బ్యూనస్ ఎయిర్స్‌లో ఈ ఎలక్ట్రానిక్ టాంగోను ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు కాదన్నారని మాట్లాడుకున్నారు. మిలోంగాల్లో, అంటే టాంగో ఆడే కూటాల్లో, ఇవాళ్టికీ ఎక్కువగా నడిచేది 1930ల, 40ల రికార్డులే అని మామ, కొత్త తరం అభ్యాస కూటాల్లో ఎలక్ట్రానిక్ పాటకే అడుగులు నేర్చుకుందని అల్లుడు. అది పెద్దగా ముందుకు పోలేదు.

అల్లుడు: పారిస్ మాట ఇడిసిపెట్టు. బ్యూనస్ ఎయిర్స్ పిల్లలే ఏం చేసిన్రో చూడు. ఈ ఆల్బం వచ్చిన ఏడు డిసెంబరుల అర్జెంటీనా కూలింది. బ్యాంకులల్ల జనం పైసలు తీసుకోకుండ కట్టు పెట్టిన్రు, జనం గిన్నెలు కొట్టుకుంట రోడ్డు మీదికి వచ్చిన్రు, అధ్యక్షుడు దె లా రువా రాజీనామా ఇచ్చి హెలికాప్టర్‌ల పోయిండు. ఎంబసీల ముందల వీసాకు లైన్లు. తాతలు ఇటలీ నుంచి, స్పెయిన్ నుంచి ఇక్కడికి వస్తె, మనుమలు తాతల దేశానికి తిరిగి పోబట్టిన్రు. 2003ల తాంగెత్తో అనే బ్యూనస్ ఎయిర్స్ బృందం ఆల్బం తెచ్చింది. పేరే ‘ఎమిగ్రాంతె’, వలసపోయేటోడు. అంతకు ముందు ఏడు బాహోఫొందో వచ్చింది. గుస్తావో సాంతావోలాయా, ఉరుగ్వే మనిషి హువాన్ కాంపొదోనికో కలిసి చేసిన్రు. ఆ సాంతావోలాయాకే తర్వాత సినిమా సంగీతానికి రెండు ఆస్కార్లు వరుసగ వచ్చినయి. ఇదే కాలంల కార్లోస్ లిబెదిన్‌స్కీ నార్కోటాంగో వచ్చింది. అంటే కూలిన దేశంల కూసుని వాళ్లు గూడ మిషన్‌నే ఎత్తుకున్నరు. ఎందుకు? పది మంది ఆర్కెస్ట్రాకు పైసలు ఇచ్చేటోడు లేడు. ఒక గది, ఒక కంప్యూటర్, ఒక బందోనియోన్ ఉంటె పాట అయితది.

మామ: గది, కంప్యూటర్ సరే. ఆ బందోనియోన్ యాడ దొరుకుతది? ఆర్నాల్డ్ వాళ్ల కార్ల్స్‌ఫెల్డ్ కార్ఖానా యుద్ధం తర్వాత బందోనియోన్లు చేసుడు ఇడిసింది. ఉన్నయి ఎక్కువ పాతయే. అవి గూడ బయటి దేశాలోళ్లు కొనుక్క పోతుంటే 2009ల చట్టం తెచ్చి కాపాడుకోవలసి వచ్చింది. అదే ఏడు యునెస్కో గూడ టాంగోను జాబితాల పెట్టింది. కంప్యూటర్ కొత్తది ప్రతి ఏడు దొరుకుతది. తిత్తి దొరకదు.

అల్లుడు: గందుకే మామా తిత్తిని ముందల పెట్టిన్రు, కంప్యూటర్‌ను ఎనుక పెట్టిన్రు! ఇంక నీకు అసలు మాట చెప్త. నువ్వు మిషన్ వినదు, వంగదు అని తప్పు పడుతున్నవు. నేను అంటున్న, వంగకపోవుడే ఈ ఆల్బంల అర్థం. ఆఖరు పాట ‘బ్వెల్వో అల్ సుర్’ తీసుకో. దక్షిణానికి తిరిగిపోతున్న అనే పాట. పియాసోలా బాణీ, మాట ఫెర్నాందో సొలానాస్‌ది. సొలానాస్ సైన్యం కాలంల పారిస్‌ల తల దాచుకున్నడు. ఎనుకకు పోయినంక 1988ల ‘సుర్’ సినిమా తీసిండు. జైలు నుంచి ఇడుదలైనోడు ఒక రాత్రి మొత్తం తన పేటల తిరుగుకుంట ఇంటికి చేరుడు దాని కథ. దాంట్ల ఈ పాట రొబెర్తో గొయెనెచె పాడిండు. పగిలిన గొంతు. ఆయన మాటను ఆపుతడు, మింగుతడు, ఆర్కెస్ట్రా ఆయన కోసం కాసుకుని నిలబడుతది. ఎందుకు నిలబడుతది? ఆయన సొంత ఊర్ల పాడుతున్నడు కాబట్టి. అదే పాట పారిస్‌ల పాడితే ఊరు నీ కోసం నిలబడదు. బస్సు నీ కోసం ఆగదు, కార్ఖానా బెల్లు నీ కోసం ఆగదు. కింద దరువు అదే దూరంల పడుకుంట పోతది, మీద బందోనియోన్ ఆలస్యంగ వస్తది, గొంతు తిరిగి పోవాలంటది, దరువు పోనియ్యదు. ఆ రెండిటి నడుమ ఉన్న ఈడ్పు విను మామా. నీ పుగ్లియేసే ఈడ్పు పది మంది కలిసి చేసింది. ఇది ఒక్కడు ఊరి మీద చేసే ఈడ్పు. మన ఇంటి నుంచి భివండికి మగ్గాల మీదికి పోయినోళ్లను అడుగు, ఈ దరువు ఏందో వాళ్లు చెప్తరు.

మామ చాలాసేపు మాట్లాడలేదు. భివండి పవర్‌లూమ్‌ల శబ్దం మా ఇళ్లలో చాలామందికి తెలుసు. రాత్రి షిఫ్టులో ఆ దరువు మీదే పాడుకున్న పెద్దవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. అల్లుడి వాదంలో నాకు కొత్తగా అనిపించిన భాగం ఇదే. అప్పటిదాకా మిషన్‌ను సమర్థించడానికి చరిత్ర చెప్పాడు, ఇక్కడ మిషన్‌కు పాటలో ఒక పాత్ర ఉందని చూపించాడు.

మామ: ఈ మాట నువ్వు మొదలే చెప్పాలె. మొదలే చెప్తె ఇంత సేపు పట్టకపోవు. మగ్గం మీద పాడిన పాట నాకు తెలుసు. నా పెదనాయన పాడేది. నాడె అటు ఇటు కొట్టుకునే చప్పుడు మీదనే పాడేది. మగ్గం ఆయన పాట వినలే, నిజం.

అల్లుడు: మరి?

మామ: మరి ఏమంటె, తెగిన పోగు ముడి వేసేటందుకు మగ్గం బంద్ చేస్తరు. అప్పుడు నాలుగు నిమిషాలు చప్పుడు ఉండదు. ఆ నాలుగు నిమిషాలల్ల పెదనాయన పాట ఎట్ల ఉండేదో నువ్వు వినలే. దరువు మీద అణిచిపెట్టినదంత అప్పుడు పొడుగు తీసి పాడేది. నువ్వు చెప్పిన అర్థం ఒప్పుకుంట. ఊరు వంగదు, దరువు వంగదు, మనిషి ఈడ్సుకుంట పోతడు. బాగున్నది. కానీ ఆల్బం పేరు ఏం పెట్టుకున్నరు? పగ తీర్చుకునుడు. ఎవరి మీద ఎవరు పగ తీర్చుకున్నరు? పది పాటలు అయిపోయినా దరువే గెలుస్తున్నది గదా. తిత్తి ఒక్కసారన్న గెలవాలె. ఆఖరు పాటలనన్న మిషన్ బంద్ చేసి, బందోనియోన్‌ను దాని గాలి అయిపోయే దాంక ఒక్కదాన్నే పోనిస్తే అప్పుడు నేను పగ అంట.

అల్లుడు: అట్ల చేస్తె అది ఊరికి తిరిగి చేరినట్టు అయితది మామా. వాళ్లు చేరలే. పారిస్‌లనే ఉన్నరు. చేరనోళ్లు చేరినట్టు పాడితే అబద్ధం.

మామ: పాటల గూడ చేరొద్దా?

అల్లుడు: పాటల చేరినట్టు పాడేటందుకు గొయెనెచె పాట ఉన్నది గద. వీళ్లది ఇంకో పాట కావాలె.

మామ: స్టూడియోల నీకు చేతనైతదా ఇది? వాయించేటోని ఎనుక మిషన్ నడిచేటట్టు?

అల్లుడు: అయితది. వాయించింది ముందల రికార్డు చేసి, ఎక్కడెక్కడ దెబ్బ పడ్డదో గుర్తులు పెట్టుకుంట పోతే, దరువు ఆ గుర్తుల మీదనే పడుతది. తిత్తి ఆగితే మిషన్ ఆగుతది. కష్టమైన పని, పూట పూట పడుతది. క్లబ్బుల వాడేటోళ్లకు పనికి రాదు, ఇంకో పాటతోని కలుపుదామంటే కలువదు.

మామ: కలువకపోతే కలువకపోనీ. ‘బ్వెల్వో అల్ సుర్’ మల్ల ఒకసారి పెట్టు. మిషన్ ఎక్కడ ఆగాల్నో నేను చెయ్యెత్తి చూపిస్త.

అల్లుడు: పెడ్త. కానీ నువ్వు చెయ్యెత్తిన ప్రతి జాగల నేను కాదంట, ముందలే చెప్తున్న.

మామ: కాదను. ఎందుకు కాదో ఒక్కొక్క జాగకు విడిగ చెప్పు. అన్నిటికి ఒక్కటే జవాబు చెప్తె ఒప్పుకోను.